ఒకేసారి మెరిసే రెండు రాళ్లు

"మాస్టారూ, అరటిపండులోంచి యాంటీమ్యాటర్ వస్తుందంట, నిజమేనా?"

సింగపూర్‌లోని బుకిట్ బటోక్‌లో మా బ్లాకు కింద ఖాళీగా ఉండే అంతస్తును వాయిడ్ డెక్ అంటారు. ఆదివారాలు అక్కడే నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి తెలుగు చెబుతుంటాను. ఒత్తులు దిద్దుతూ దిద్దుతూ పదేళ్ల పిల్ల ఈ మాట అడిగింది.

నిజమే. అరటిపండులో పొటాషియం ఉంది. అందులో పదివేల పరమాణువులకు ఒకటి చొప్పున పొటాషియం-40 ఉంటుంది. అది విచ్ఛిన్నమయ్యేటప్పుడు ఎప్పుడో ఒకసారి పాజిట్రాన్‌ని వదులుతుంది. లెక్క కడితే ఒక పండుకు రోజుకు ఓ డజను. పాజిట్రాన్ బరువులో ఎలక్ట్రాన్‌కి కవల, ఆవేశం మాత్రం ధనం. 1928లో డిరాక్ సమీకరణంలోంచి దాని జాడ తొంగిచూసింది, 1932లో కార్ల్ ఆండర్సన్‌కి మేఘపేటికలో కంటికి కనబడింది. ఎలక్ట్రాన్ తారసపడిందంటే రెండూ మాయం. వాటి బదులు రెండు గామా కిరణాలు పుట్టి, ఒకటి ఇటు, ఒకటి సరిగ్గా దానికి ఎదురుగా అటు దూసుకుపోతాయి.

"అయితే దాంతో ఏం పని?" అంది. దాంతో పనిచేసే యంత్రం పెద్దాసుపత్రుల్లో ఉంది. పెట్ స్కానర్. దాని గురించి నోటితో చెబితే లాభం లేదని ఆట మొదలుపెట్టాను.

పక్క బ్లాకుల పిల్లల్ని కూడా పిలిచి పదహారుమందిని గుండ్రంగా నిలబెట్టి, ఒక్కొక్కరికీ ఒక అంకె ఇచ్చాను. వలయం లోపల తనకిష్టమైన చోట ఒక కుర్రాడు నిలబడాలి. వాడి చేతిలో రెండు టెన్నిస్ బంతులు. కళ్లకు తువ్వాలు కట్టుకుని నేను వలయం బయట కూర్చున్నాను. వాడు రెండు బంతుల్నీ ఒకేసారి చెరో వైపుకి, ఎదురెదురుగా విసరాలి. బంతి అందినవాళ్లు వెంటనే తమ అంకె అరవాలి. "మూడు!" "పదకొండు!" మూడు నుంచి పదకొండుకి పురికొస లాగించాను. కుర్రాడు ఎక్కడున్నాడో నాకు తెలీదు, కానీ ఈ పురికొస మీదే ఎక్కడో ఉన్నాడు. తరవాత "ఆరు!" "పదిహేను!" ఇంకో పురికొస. అయిదారు పురికొసలయ్యాక తువ్వాలు విప్పి చూస్తే అన్నీ వాడి నడుం దగ్గరే అడ్డదిడ్డంగా కలుస్తున్నాయి.

పెట్ స్కానర్ అంటే ఇదే. అందులో కటకం లేదు, కెమెరా లేదు. గామా కిరణాల్ని కటకంతో వంచలేం. అందుకే మామూలు గామా కెమెరా సీసపు పలకలో సన్నని చిల్లులు పెట్టి, తిన్నగా వచ్చిన కిరణాల్ని మాత్రమే రానిస్తుంది, మిగతావాటిని పారేస్తుంది. ఇక్కడ ఆ చిల్లుల అవసరం లేదు. ఎవరెవరు ఒకేసారి అరిచారో వింటే చాలు, దారి తెలిసిపోతుంది. ఇంత తెలివైన ఊహ వైద్య యంత్రాల్లో ఇంకొకటి నాకు కనబడలేదు.

ఈసారి వలయంలో ఇద్దరు కుర్రాళ్లని నిలబెట్టాను. ఆట పాడైపోయింది. ఒకడి బంతి అందుకున్న అమ్మాయి, ఇంకొకడి బంతి అందుకున్న అబ్బాయి కాస్త అటూఇటుగా అరిచారు. నేను వాళ్లిద్దరి మధ్యా పురికొస లాగించాను. ఆ పురికొస మీద ఎవరూ లేరు! స్కానర్‌కీ ఇదే బెడద. ఒంట్లో సెకనుకు కోట్ల పాజిట్రాన్లు పుడుతుంటే, ఏ కిరణం ఏ కిరణానికి జత? మందకొడిగా అరిచేవాళ్లుంటే బొమ్మంతా మసక. కాబట్టి అసలు కథంతా ఆ అరిచేవాళ్లదే. యంత్రంలో వాళ్లు స్ఫటికాలు. గామా కిరణం లోపల ఆగితే తళుక్కుమనే రాళ్లు.

ఆ రాళ్ల పోటీ నాకు భలే ఇష్టం.

మొదటిది సోడియం అయోడైడ్. 1950ల మొదట్లో బోస్టన్‌లో బ్రౌనెల్, స్వీట్ అనే ఇద్దరు ఈ రాళ్లను తలకు చెరో పక్కా పెట్టి, మెదడులో కణితిని వెతికారు. 1970ల్లో సెయింట్ లూయిస్‌లో టెర్-పొగోసియన్, ఫెల్ప్స్, హాఫ్‌మన్ కట్టిన తొలి స్కానర్లలోనూ ఇదే. బాగా వెలుగుతుంది. కానీ ఎంతైనా ఉప్పు జాతి, వానాకాలంలో జాడీలో ఉప్పు నీరు కారినట్టు గాలిలో తేమ పీల్చి పాడైపోతుంది. డబ్బాలో పెట్టి సీలు వెయ్యాల్సిందే. పైగా సాంద్రత తక్కువ, చాలా కిరణాలు ఆగకుండా దాటిపోతాయి.

రెండోది బిస్మత్ జెర్మనేట్. ఘనసెంటీమీటరుకు ఏడు గ్రాముల పైనే బరువు, కిరణాన్ని పట్టి ఆపేస్తుంది, తేమకు చెక్కుచెదరదు. దీని పేరు మోగించినవాళ్లలో కణభౌతికులు కూడా ఉన్నారు. జెనీవా దగ్గర సెర్న్‌లో ఎల్3 అనే ప్రయోగానికి దాదాపు 11,000 స్ఫటికాలు కావలసివచ్చాయి, షాంఘైలో పెంచి పంపారు. ఇన్ని వేల రాళ్లను ఒకే నాణ్యతతో పెంచడం ఆ ప్రయోగం కోసమే నేర్చుకున్నారు. ఒక్కటే లోపం. వెలుగు తక్కువ, అదీ 300 నానోసెకన్ల పాటు నెమ్మదిగా ఆరుతుంది. బంతి పట్టడంలో మొనగాడు, అరవడంలో నత్త.

మూడోది లుటీషియం ఆర్థోసిలికేట్. దీన్ని కనుక్కున్న చార్లెస్ మెల్చర్ వైద్యుడు కాదు, చమురు బావుల్లోకి పరికరాలు దించే ష్లంబర్జర్ కంపెనీలో స్ఫటికాల పరిశోధకుడు. భూమి లోపలి రాతిని గామా కిరణాలతో పరీక్షించడానికి గట్టి రాయి కోసం వెతుకుతుంటే ఇది దొరికింది. బిస్మత్ రాయికన్నా బరువు, వెలుగు నాలుగైదు రెట్లు, 40 నానోసెకన్లలో ఆరిపోతుంది. ఇందులోనూ ఒక తిరకాసుంది. లుటీషియంలో కొంత భాగం తనంతట తానే రేడియోధార్మికం, దాని అర్ధాయువు 3,700 కోట్ల ఏళ్లు. అంటే రోగి లేకపోయినా రాళ్లు అప్పుడప్పుడూ మెరుస్తూనే ఉంటాయి. అయినా గెలిచింది ఇదే.

వేగం వల్ల ఇంకో వరం దక్కింది. అది చెప్పడానికి మా ఊరి కొండే సరిపోతుంది. మలయ్‌లో 'బటుక్' అంటే దగ్గు. ఇక్కడి రాతి క్వారీల్లో పేలుళ్లు కొండ దగ్గినట్టు వినబడేవనీ, అందుకే బుకిట్ బటోక్‌కి ఆ పేరొచ్చిందనీ ఒక కథ ఉంది. ఇప్పుడు పేలుళ్లు లేవు. ఒక క్వారీలో నీళ్లు నిండి చెరువైంది, దాన్ని లిటిల్ గుయ్‌లిన్ అంటారు, సాయంత్రాలు అక్కడ నడుస్తుంటాం. సరే, కొండ దగ్గే రోజులనుకోండి. 680 మీటర్ల ఎడంలో రెండు బ్లాకులు. ఒకదాంట్లో నేను, రెండోదాంట్లో మీరు, పేలుడు మన మధ్య గీత మీదే. ఇద్దరికీ ఒకేసారి వినబడితే పేలుడు సరిగ్గా మధ్యలో జరిగినట్టు. నాకు ఒక సెకను ముందు వినబడిందా, శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతుంది కాబట్టి పేలుడు మధ్యనుంచి 170 మీటర్లు నావైపు జరిగింది. పురికొస మీద ఎక్కడో అనుకున్నది కాస్తా ఇదిగో ఇక్కడ అని తేలింది.

స్కానర్‌లో శబ్దం బదులు కాంతి. నానోసెకనుకు 30 సెంటీమీటర్లు. రెండు రాళ్ల మెరుపుల మధ్య 200 పికోసెకన్ల తేడాను, అంటే నానోసెకనులో అయిదో వంతును, పట్టగలిగితే చోటు మూడు సెంటీమీటర్ల లోపుకి దిగుతుంది. ఇప్పటి మంచి యంత్రాలు ఆ మేరకు పడుతున్నాయి.

ఈ కథలో ఒక మనిషి సింగపూర్ దాకా వచ్చాడు, డేవిడ్ టౌన్‌సెండ్. కణభౌతికశాస్త్రం చదివి, 1970ల్లో సెర్న్‌లో పనిచేశాడు. షార్పాక్ కనిపెట్టిన తీగల డిటెక్టర్ల దారిలో అలన్ జీవన్స్ తయారుచేసిన పరికరంతో 1977లో ఒక చిట్టెలుకకు పెట్ బొమ్మ తీశారు. స్ఫటికాల పోటీలో ఆ తీగలు ఓడిపోయాయి. టౌన్‌సెండ్ ఓడిపోలేదు. పెట్ బొమ్మలో కణితి నిప్పుకణికలా కనబడుతుంది గానీ అది కాలేయంలో ఉందో పక్క పేగులో ఉందో చెప్పడం కష్టం. సీటీ బొమ్మలో అవయవాలన్నీ స్పష్టం, ఏది కణితో తేల్చడం కష్టం. రొనాల్డ్ నట్‌తో కలిసి ఆయన రెండింటినీ ఒకే యంత్రంలో పెట్టాడు. 1998లో పిట్స్‌బర్గ్‌లో తొలి నమూనా రోగుల్ని చూసింది. మూడేళ్లకే అమ్మకానికొచ్చింది. ఇప్పుడు మన డాక్టర్లు పెట్-సీటీ అని ఒకే మాటగా రాస్తున్నారు. తరవాతి కాలంలో ఆయన మా కొండకు దక్షిణాన, నేషనల్ యూనివర్సిటీతో కలిసి నడిచే క్లినికల్ ఇమేజింగ్ పరిశోధన కేంద్రానికి డైరెక్టరుగా పనిచేశాడు. తల నుంచి కాలిదాకా ఒకేసారి పట్టే రెండు మీటర్ల స్కానర్లు కూడా వచ్చేశాయి.

మరి ఒంట్లోకి పాజిట్రాన్లెలా వెళ్తాయి? చక్కెరలో. గ్లూకోజ్ అణువుకు ఫ్లోరిన్-18 తగిలిస్తారు. ఆకలిగొన్న కణం దాన్ని లాక్కుంటుంది, కానీ పూర్తిగా అరిగించుకోలేక లోపలే ఉంచుకుంటుంది. క్యాన్సర్ కణాలకు ఆకలెక్కువ, అందుకే అవి వెలుగుతాయి. ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకూ సగమైపోతుంది. హైదరాబాద్‌లో నింపిన సీసా అయిదు గంటలు ప్రయాణించి విజయవాడ చేరేసరికి నూటికి పదిహేను పాళ్లే మిగులుతుంది. ఈ మందును నిలవ చేసుకోవడం కుదరదు, వాడే రోజే వండాలి.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ పరీక్ష రాస్తే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఇంజెక్షన్ ఇచ్చాక దాదాపు గంటసేపు గదిలో కదలకుండా కూర్చోమంటారు, ఫోనులో మాట్లాడొద్దంటారు, ముందునుంచీ పరగడుపున ఉండమంటారు. విసుక్కోకండి. నడిస్తే కాలి కండరాలు, మాట్లాడితే గొంతు కండరాలు ఆ చక్కెరను తినేసి స్కానులో వెలుగుతాయి, భోంచేస్తే ఇన్సులిన్ పెరిగి చక్కెర కండరాల్లోకి పోతుంది. మధుమేహం ఉంటే ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పండి. ఆ గంట కదలకుండా కూర్చుంటే బొమ్మ స్పష్టంగా వస్తుంది.