ఒక వోల్టేజికి పెక్కు పేర్లు

మన విద్యార్థులలో పలువురు ఇంటియొద్ద నొక ముద్దుపేరుతోను, హాజరుపట్టీలో వేఱొక పేరుతోను పిలువబడుచున్నారు. అందువలన హాని లేదు. కాని కంప్యూటరు మదరుబోర్డునందు ఒకే వోల్టేజికి పెక్కు పేర్లుండుట వలన విలువగల ప్రాసెసరు చెడిపోవచ్చును. ప్రాసెసరును నిర్ణీతవేగమునకు మించి నడపుటను ఓవర్‌క్లాకింగు అందురు. దానిని నేర్వగోరు పై తరగతుల బాలురకై యీ విషయమును వివరించుచున్నాను.

వేగము హెచ్చించినపుడు వోల్టేజి నేల పెంచవలెను? ప్రాసెసరులోని ట్రాన్సిస్టర్లు స్థితి మార్చుకొనుటకు దొరకు కాలము వేగముతోపాటు తగ్గును. వోల్టేజి కొంచెము పెంచినచో నవి త్వరగా మాఱును. అయితే వేడిమి వోల్టేజి వర్గము ననుసరించి పెరుగును. 1.20 వోల్టులను 1.32 చేసినచో వోల్టేజి నూటికి 10 వంతులే పెరిగినను, వేడిమి దాదాపు 21 వంతులు పెరుగును.

ఇక పేర్ల సంగతి. 2008వ సంవత్సరమున ఇంటెల్ సంస్థవారు వెలువరించిన కోర్ ఐ7-920 అను ప్రాసెసరును ఉదాహరణముగా గైకొందము. అంతకు పూర్వము ఇంటెల్‌వారి యిండ్లలో వాడు కంప్యూటర్లయందు మెమొరీని నడపు భాగము నార్త్‌బ్రిడ్జి యను వేఱొక చిప్పులో నుండెడిది. ప్రాసెసరును ఆ చిప్పును కలుపు మార్గమునకు సంబంధించిన వోల్టేజిని వీటీటీ యనిరి. ఐ7-920 లో మెమొరీ కంట్రోలరు ప్రాసెసరులోనికే వచ్చెను. పాత మార్గము పోయి క్యూపీఐ యను క్రొత్త మార్గము ఏర్పడెను. అయినను వీటీటీ యను పేరు పోలేదు. మెమొరీ కంట్రోలరు మున్నగు భాగములకు విద్యుత్తు నిచ్చు వోల్టేజికి అదే పేరు నిలిచెను.

దీనినే ఈవీజీఏవారు “సీపీయూ వీటీటీ” యనియు, గిగాబైట్‌వారు “క్యూపీఐ/వీటీటీ” యనియు, ఆసుస్‌వారు “క్యూపీఐ/డ్రామ్ కోర్” అనియు తమ బోర్డులలో వ్రాసిరి. డ్రామ్ అనగా మెమొరీయే. అసలు మెమొరీ వోల్టేజికి ఆసుస్‌వారి పేరు “డ్రామ్ బస్”. ఇచటనే ప్రమాదము పొంచియున్నది. మెమొరీకి 1.65 వోల్టులవఱకు ఈయవచ్చునని చదివిన బాలుడు, “డ్రామ్” అను మాటను మాత్రమే చూచి, ఆ యంకెను “క్యూపీఐ/డ్రామ్ కోర్” ఎదుట వ్రాసెననుకొనుడు. సహజముగా 1.1 వోల్టులతో నడచు భాగమునకు ఒక్కసారిగా సగము అధికముగా నిచ్చినట్లగును. ప్రాసెసరు శాశ్వతముగా చెడిపోవుట కది చాలును.

కావున మూడు నియమములు పాటింపుడు. మొదటిది: పేరును నమ్మక, ఆ వోల్టేజి యే భాగమును పోషించునో మీ బోర్డు కైపుస్తకములో చూడుడు. రెండవది: మార్పునకు ముందున్న అంకెను గమనింపుడు. ఈ బోర్డులలో మెమొరీకి 1.5, పీఎల్ఎల్‌కు 1.8, వీటీటీకి 1.1 వోల్టులు సహజము. అయితే ఐఓహెచ్ అను చిప్పునకును 1.1 వోల్టులే గనుక, అంకె యొక్కటియే సాక్ష్యముగా చాలదు. కొన్ని బోర్డులు పూర్తి యంకెకు బదులు పెంపును మాత్రమే మిల్లీవోల్టులలో చూపును. అచట 200 అనగా 1.3 వోల్టులని యెఱుగుడు. మూడవది: ఒకసారి ఒక్క వోల్టేజినే, కొంచెముగా మార్చి, పాత యంకెను క్రొత్త యంకెను నోటుపుస్తకములో వ్రాసికొని పరీక్షింపుడు.

ఇతరుల అంకెలను ఎత్తివ్రాయుట లెక్కల పరీక్షలోవలెనే యిచటను నష్టకరము. పరీక్షలో పోవునవి మార్కులు. ఇచట పోవునది తలిదండ్రులు కష్టించి కూర్చిన ధనము.