పేగు ఆపరేషన్: మంచం కన్నా నడకే మేలు



ఆపరేషన్ అయి ఇంటికి వచ్చిన వారిని పలకరించడానికి మన కోడేరు వైపు పల్లెల్లో ఏ ఇంటికి వెళ్ళినా దాదాపు ఒకే మాటలు వినిపిస్తాయి. "లేవకు బిడ్డా, కుట్లు తెగుతయి" అని తల్లి అంటుంది. "నీళ్ళు ఎక్కువ తాగకు, చీము పడుతది" అని మేనత్త అంటుంది. పప్పు వద్దు, గుడ్డు వద్దు, పత్యం చేయాలని ఇరుగుపొరుగు వారు చెబుతారు. ఇవన్నీ ప్రేమతో చెప్పే మాటలే. కాని పేగు కొంత తీసివేసిన మనిషికి కదలకుండా పడుకోవడం, నీళ్ళు మానడం, కడుపు మాడ్చుకోవడం మూడూ కీడే చేస్తాయి. అందుకే ఈ ఆపరేషన్‌కు ఎలా సిద్ధపడాలో, తర్వాత ఎలా కోలుకోవాలో రోగితో పాటు ఇంటిల్లిపాదీ తెలుసుకోవాలి.

పేగు ఎందుకు తీస్తారు?

మన చిన్నపేగు సుమారు 6 మీటర్లు, పెద్దపేగు సుమారు ఒకటిన్నర మీటర్ల పొడవు ఉంటాయి. టైఫాయిడ్ ముదిరి పేగుకు రంధ్రం పడినా, క్షయ వల్ల పేగు సన్నబడి మూసుకుపోయినా, పేగు మెలిపడినా, హెర్నియాలో ఇరుక్కుని నల్లబడినా, క్యాన్సర్ గడ్డ వచ్చినా చెడిన భాగాన్ని తీసివేస్తారు. సాధారణంగా మిగిలిన రెండు కొసలను కలిపి కుడతారు. "పేగు తీశారు, ఇక తిండి అరగదు" అని దిగులుపడవద్దు. కొద్ది భాగమే తీస్తే మిగిలిన పేగు పని చూసుకుంటుంది. చిన్నపేగు చివరి భాగం ఎక్కువగా తీసిన వారికి మాత్రం బి12 విటమిన్ ఇంజెక్షన్లు జీవితాంతం అవసరం కావచ్చు.

ఒక హెచ్చరిక. పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, విరేచనం గాని గ్యాస్ గాని పోకుండా ఉంటే అది అత్యవసరం. పసరు తాగించడం, విరేచనాల మందు ఇవ్వడం, తెల్లవారేదాకా చూడడం చేయవద్దు. వెంటనే శస్త్రచికిత్స సౌకర్యమున్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఆపరేషన్‌కు ముందు

తేదీ ముందే నిర్ణయమైతే ఆ రోజులను వృథా చేసుకోకండి.

బీడీ, చుట్ట, సిగరెట్ కనీసం 4 వారాల ముందే మానండి. పొగతాగేవారికి గాయం ఆలస్యంగా మానుతుంది, ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది.

కల్లు అలవాటు ఉంటే దాచకండి. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతారు. ఒక్కసారిగా ఆగిపోతే వణుకు, ఫిట్స్, మతి తప్పి మాట్లాడడం మొదలవుతాయి. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు నిజామాబాద్ ప్రాంతంలో ఎందరో ఇలాగే ఆసుపత్రుల పాలయ్యారు. ఆపరేషన్ అయిన రెండో రోజో, మూడో రోజో రోగి గొట్టాలు పీకేస్తుంటే "గాలి సోకింది" అనుకుంటారు. కారణం కల్లు ఆగడమే కావచ్చు. డాక్టరుకు ముందే తెలిస్తే దానికి మందు ఉంది. పాస్టరు గారి ముందు చెప్పడానికి సిగ్గయితే నర్సమ్మతో ఒంటరిగా చెప్పండి.

రోజూ వేసుకునే మాత్రలు, నాటు మందులతో సహా, అన్నీ సంచిలో వేసి తెచ్చి చూపించండి. షుగర్, బీపీ, రక్తం పలచబరిచే మాత్రలను సొంతంగా ఆపకండి.

పేగు మూసుకుపోని వారు గుడ్డు, పాలు, పప్పు, చేపలు బాగా తీసుకుని బలం పుంజుకోవాలి. కొందరికి ముందురోజు పేగు శుభ్రం చేసే మందు ఇస్తారు. దానిని చెప్పిన కొలత ప్రకారం పూర్తిగా తాగాలి. ఘనాహారం 6 గంటల ముందు ఆపితే చాలు. మంచినీళ్ళను చాలామందికి 2 గంటల ముందు వరకు అనుమతిస్తారు. మీ విషయంలో డాక్టరు ఏది చెబితే అదే పాటించండి. రోగి కోసం ఉపవాస ప్రార్థన చేయాలనుకుంటే ఇంటివారు, సంఘస్థులు చేయండి, రోగి చేత చేయించకండి.

ఖర్చు సంగతి కూడా ముందే చూసుకోండి. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాల్లో మన ఉమ్మడి మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. కార్డు, ఆధార్ పట్టుకుని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి.

ఆపరేషన్ తర్వాత

తాకిన పేగు కొన్నాళ్ళు మొద్దుబారి ఉంటుంది. పూర్వం గ్యాస్ పోయేదాకా ఏమీ పెట్టేవారు కాదు. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెహ్లెట్ 1990లలో వేరే దారి చూపారు. నొప్పి బాగా తగ్గించి, త్వరగా నడిపించి, త్వరగా ఆహారం మొదలుపెడితే రోగులు త్వరగా కోలుకుంటారని ఆయన నిరూపించారు. నేడు ఎన్నో దేశాల్లో ఇదే పద్ధతి.

కాబట్టి డాక్టరు చెప్పగానే, వీలైతే మరునాడే, రోగిని కూర్చోబెట్టి నాలుగడుగులు వేయించండి. లోపలి కుట్లు నడిస్తే తెగవు. నడవకపోతే మాత్రం కాళ్ళలో రక్తం గడ్డకట్టవచ్చు, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరవచ్చు. పొట్టకు దిండు అదిమిపట్టి దగ్గమనండి. బంతుల పరికరం ఇస్తే గంటకోసారి గాలి పీల్పించండి. నొప్పిని ఓర్చుకోవడం గొప్పతనం కాదు. నొప్పి ఉంటే నడవలేరు, అందుకే మందు అడగండి.

పొట్ట మీద సంచి పెడితే

కొందరికి కుట్టు మానేదాకా పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి సంచి అమరుస్తారు. చాలామందికి ఇది కొన్ని నెలలే. కొందరికి శాశ్వతం. ఆ పేగు ఎర్రగా, తడిగా ఉంటుంది, ముట్టుకుంటే నొప్పి తెలియదు. నల్లబడితే వెంటనే రావాలి. సంచి మూడోవంతు నిండగానే ఖాళీ చేయాలి. చిన్నపేగు సంచి ఉన్నవారు ఓఆర్ఎస్ తాగుతూ ఉండాలి. రోజుకు ఒకటిన్నర లీటర్లకు మించి పోతుంటే ఆసుపత్రికి రండి. సంచి ఉన్నవారు ఆరాధనకు రావచ్చు, పొలానికి పోవచ్చు, అందరితో కలిసి భోజనం చేయవచ్చు. వారిని దూరంగా కూర్చోబెట్టకండి.

ఇంటికి వచ్చాక

మొదట మెత్తని అన్నం, పెసర కట్టు, మజ్జిగ, ఇడ్లీ, ఉడికించిన గుడ్డు కొద్దికొద్దిగా రోజుకు ఐదారుసార్లు ఇవ్వండి. గాయం మానడానికి మాంసకృత్తులే ఇటుకలు. పప్పు, గుడ్డు, నీళ్ళ వల్ల చీము పట్టదు. పీచు ఎక్కువగా ఉండే ఆకుకూరలు, పల్లీలు, మక్క కంకులు కొన్ని వారాలు ఆగి, బాగా నమిలి తినవచ్చు. విరేచనాలు కొంతకాలం పలుచగా, ఎక్కువసార్లు కావచ్చు, క్రమంగా సర్దుకుంటాయి. కనీసం 6 వారాలు బరువులు ఎత్తకూడదు. ఎరువు బస్తాలే కాదు, నిండు నీళ్ళ బిందె కూడా బరువే. తొందరపడితే కుట్టిన చోట హెర్నియా వస్తుంది.

వెంటనే రావలసిన సూచనలు

జ్వరం లేదా చలి, రోజురోజుకూ పెరిగే కడుపునొప్పి, గుండెదడ, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బడం, గాయం నుండి చీము లేదా మలం రావడం, పిక్క వాచి నొప్పి పెట్టడం, ఆయాసం. కుట్టు కారితే ఎక్కువగా మొదటి వారం పది రోజుల్లోనే తెలుస్తుంది. "చెకప్ తారీఖు దాకా చూద్దాం" అనుకోకండి.

పలకరించడానికి వెళ్ళేవారికి ఒక మనవి. చేతులు కడుక్కుని వెళ్ళండి. మంచం చుట్టూ గుమిగూడకండి. "లేవకు" అనే బదులు చెయ్యి అందించి "రా, వాకిటి దాకా నడుద్దాం" అనండి.