గోదారి నీళ్లపై విమానం దిగాలంటే...

పడవలు, పంట్లు, లాంచీలు... గోదావరికి ఇవన్నీ పాత చుట్టాలే. రెక్కలున్న కొత్త చుట్టం విజయవాడ దాకా వచ్చి వెళ్లింది. నేలమీదా నీళ్లమీదా దిగగల ఆ విమానం రాజమండ్రికీ వస్తే? దాన్ని చల్లగా దించుకోవడానికి మన ఏరు సిద్ధంగా ఉందా?

2024 నవంబరు 9. విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ నీళ్లను చీల్చుకుంటూ ఓ చిన్న విమానం పైకి లేచింది. ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు అందులో ప్రయాణించారు. కాసేపటికి శ్రీశైలం పాతాళగంగ దగ్గర మళ్లీ నీళ్లమీదే దిగింది. టీవీల్లో ఆ దృశ్యం చూసిన గోదావరి జిల్లాలవాళ్లకు ఓ ఆశ పుట్టడం సహజమే. రాజమండ్రి దగ్గర ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు రెండున్నర కిలోమీటర్ల పైమాటే. ఇంత నీరు పెట్టుకుని మనకెందుకు రాకూడదు?

రావచ్చు. కానీ విమానాశ్రయంలో రన్‌వే ఒకసారి వేస్తే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. ఏటిమీద రన్‌వేను మాత్రం ఏ రోజుకారోజు కొత్తగా సిద్ధం చేసుకోవాలి. అసలు కథంతా అక్కడే ఉంది.

పడవలే కాళ్లు
విజయవాడకు వచ్చింది ట్విన్ ఆటర్ రకం విమానం. మాల్దీవుల్లో దీవి నుంచి దీవికి పర్యాటకులను మోసేవీ ఎక్కువగా ఇవే. దీని కాళ్లకింద పొడవాటి పడవల్లాంటి రెండు డొల్ల తొట్లుంటాయి. వీటినే ఫ్లోట్లంటారు. ఫ్లోట్ల అడుగున ముడుచుకునే చక్రాలు ఉంటే అదే ఉభయచర విమానం. కప్పలాగా అటు నేలా ఇటు నీరూ రెండూ దానివే.

ఒక్కో ఫ్లోటు లోపల విడివిడిగా గదులుంటాయి. ఏ రెండు గదుల్లోకి నీరు చేరినా విమానం మునగకూడదన్నది నిబంధన. అయినా ప్రయాణానికి ముందు ఫ్లోట్లలోకి ఊరిన నీటిని పంపుతో తోడేయడం పైలట్ల దినచర్య. పడవలో నీరు తోడని సరంగు ఉంటాడా? ఇదీ అంతే.

నీళ్లు మెత్తన కాదు
చెరువులో పొట్ట ఆనేలా దూకిన పిల్లాణ్ని అడగండి, నీళ్లు ఎంత గట్టివో చెబుతాడు. గంటకు వంద కిలోమీటర్లకు పైగా వేగంతో దిగే విమానానికి ఆ దెబ్బ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఉభయచర విమానానికి మరో గండం ఉంది. నీళ్లమీద దిగేటప్పుడు చక్రాలు లోపలికి ముడుచుకుని ఉండాలి. పైలట్ మర్చిపోయి చక్రాలు కిందికి ఉంచితే అవి నీటిని పట్టేస్తాయి. ముక్కు మునిగి విమానం పల్టీ కొడుతుంది. అందుకే దిగేముందు చక్రాలు పైకున్నాయా కిందికున్నాయా అని పైలట్లు ఒకటికి రెండుసార్లు పైకి చదువుకుంటారు. కింద ఉన్నది నీరో నేలో లేజర్‌తో పసిగట్టి మాటల్లో హెచ్చరించే పరికరాలూ వచ్చాయి.

మరి నిశ్చలమైన నీరు? మనకు చూడముచ్చటగా ఉండేదే పైలట్‌కు ప్రమాదం. అలల్లేని ఏరు అద్దంలా ఆకాశాన్ని చూపిస్తుంది. నీరు యాభై అడుగుల కింద ఉందో అయిదడుగుల కింద ఉందో కంటికి అందదు. అలాంటప్పుడు ఒడ్డున ఉన్న చెట్లను కొలతగా పెట్టుకుని, ముక్కు కాస్త ఎత్తి, నిమిషానికి 150 అడుగుల చొప్పున నిదానంగా దింపుతారు. ముందుగా ఓ బోటును అటూఇటూ తిప్పి నీటిమీద చిన్న అలలు లేపడం మరో పద్ధతి. తెల్లవారుజామున గాలి లేని గోదావరిని చూసినవాళ్లకు ఆ అవసరం వేరే చెప్పక్కర్లేదు.

ఏరు ఒక్కచోట ఉండదు
ట్విన్ ఆటర్ లాంటిది దిగడానికి కిలోమీటరుకు పైగా నిడివి, ఆరడుగుల దాకా లోతు ఉన్న నీటిబాట కావాలి. గోదావరిలో అంత చోటుకేం కొదవ అనిపిస్తుంది. కానీ వర్షాకాలంలో కనిపించే గోదావరి వేరు, వేసవి గోదావరి వేరు. నిరుడు లోతున్న చోట ఈ ఏడు ఇసుక మేట వేస్తుంది. ర్యాంపుల దగ్గర ఇసుక తోడితే కొత్త గుంటలు పడతాయి. అందుకే లోతును ఒకసారి కొలిచి చేతులు దులుపుకుంటే కుదరదు. ప్రతి వరద తర్వాతా మళ్లీ కొలవాల్సిందే.

పైన వంతెనలున్నాయి. 1900లో వాడుకలోకి వచ్చిన హేవ్‌లాక్ వంతెన, 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన, 1997 నాటి ఆర్చి వంతెన, 2015లో వచ్చిన నాలుగో వంతెన. దిగువన 175 గేట్ల ధవళేశ్వరం బ్యారేజీ. గేట్లెత్తితే నీరు అటే లాగుతుంది. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. మొదటి హెచ్చరికకే పది లక్షల క్యూసెక్కుల నీరు సముద్రంలోకి పరుగెడుతుంటుంది. ఆ నీటిలో దుంగలు, చెట్లు, గుర్రపుడెక్క కొట్టుకొస్తాయి. ఫ్లోటుకు ఓ దుంగ చాలు!

కృష్ణా దగ్గర జరిగింది చూడండి. 2024 సెప్టెంబరు 1న వరదకు కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్లకు గుద్దుకున్నాయి. రెండు నెలలు తిరిగేసరికి అక్కడినుంచే విమానం ఎగిరింది. అంటే నీరు అదే అయినా కాలాన్ని బట్టి దాని నడత మారిపోతుంది. ఏ మట్టం దాటితే విమానం రాకూడదో ముందే రాసి పెట్టుకుని, ఎవరు చెప్పినా ఆ గీత దాటకపోవడమే మొదటి భద్రత.

గుజరాత్‌లో ఐక్యతా విగ్రహం దగ్గరి చెరువునైతే విమానం కోసం 2019లో మొసళ్లను వేరేచోటికి తరలించి మరీ సిద్ధం చేశారు. 2020 అక్టోబరు 31న అక్కడినుంచి సబర్మతికి మొదలైన సర్వీసు 2021లో ఆగిపోయింది. నీటి విమానం తేవడం ఒకెత్తు, నిలబెట్టుకోవడం మరో ఎత్తు.

కచ్చులూరు చెప్పిన పాఠం
2019 సెప్టెంబరు 15ను గోదావరి జిల్లాలు మర్చిపోలేవు. ఏరు వరదమీద ఉండగా పాపికొండలకు బయల్దేరిన పర్యాటక బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగింది. డెబ్భై మందికి పైగా ఉన్న ఆ బోటులోంచి ప్రాణాలతో బయటపడింది 26 మందే. వాళ్లను ఒడ్డుకు చేర్చింది చుట్టుపక్కల గ్రామస్థుల పడవలు. ఏటి అడుగున చిక్కుకున్న బోటును నెల దాటాక బయటికి లాగింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం.

అంటే ఆపదలో ముందుగా చేరేది ఏటిమీద బతికేవాళ్లే. నీటిబాట హద్దులు, వల వేయకూడని వేళలు, సహాయ బోట్లు... ఇవన్నీ వాళ్లతో కూర్చుని తేల్చుకోవాలి. 2013లో కేరళలో నీటి విమానం మొదలైనప్పుడు మత్స్యకారులు అడ్డుకోవడంతో అలప్పుళలో దిగలేకపోయింది. బతుకుతెరువు పోతుందన్న భయాన్ని పక్కనపెట్టి నీటిబాట వేయలేం. వల నష్టపోయేవారికి పరిహారం, కుర్రాళ్లకు కాపలా బోట్లలో ఉద్యోగం ఇస్తే ఏటికి అంతకు మించిన కావలివాళ్లు దొరకరు.

కెనడా అనుభవం మరో సంగతి చెబుతుంది. 2009 నవంబరులో శాటర్నా దీవి దగ్గర నీటి విమానం కూలింది. ఎనిమిది మందిలో ఆరుగురు మునిగి చనిపోయారు. కొన్ని తలుపులు బిగుసుకుపోయాయి. తేలిగ్గా తెరుచుకునే తలుపులుండాలని, లైఫ్ జాకెట్ ఒంటిమీదే ఉండాలని దర్యాప్తు సంస్థ సూచించింది. పైలట్లు నీటి అడుగునుంచి బయటపడే శిక్షణ పొందాలని, ప్రయాణికులు జాకెట్ తొడుక్కోవాలని 2019లో అక్కడ నిబంధనలు వచ్చాయి. అంటే ఒక్క నిబంధన రావడానికి పదేళ్లు పట్టింది. మనం అంతకాలం ఆగక్కర్లేదు.

2027లో పుష్కరాలొస్తున్నాయి. ఏరంతా జనమే అయ్యే ఆ రోజులకు ముందే ఈ లెక్కలన్నీ తేలాలి.

మీరు ఎక్కితే...
* జాకెట్ సీటుకింద కాదు, ఒంటిమీద ఉండాలి. పిల్లలకు వాళ్ల కొలతదే అడగండి.
* గాలి ఊదేది విమానం బయటికి వచ్చాకే. లోపలే ఊదితే నీటితోపాటు జాకెట్ మిమ్మల్ని పైకప్పుకు ఎత్తేస్తుంది, తలుపు దాకా రానివ్వదు.
* కూర్చోగానే దగ్గరి తలుపు ఎటుందో, గడి ఎలా తిరుగుతుందో చూసుకోండి. నీళ్లలో విమానం తలకిందులైతే కళ్లు కాదు, చేతులే దారి చూపాలి.
* ఒక చేత్తో తలుపు అంచునో సీటునో పట్టుకున్నాకే బెల్టు తీయండి.
* సామాను వదిలేయండి.
* ఒడ్డుకు చేరాక పంకా పూర్తిగా ఆగేదాకా ఎవరూ లేవొద్దు. ఫొటోలు ఆ తర్వాతే!