పొత్తిగుడ్డ చుట్టండి... కాళ్లు కట్టకండి!

పురుడు దగ్గర పడిందంటే అమ్మమ్మలు ముందుగా చేసే పని పాత నేతచీరలు, పంచెలు బయటికి తీసి ఉతికి ఎండలో ఆరవేయడం. కట్టి కట్టి మెత్తబడిన నూలుగుడ్డను మించిన పొత్తిగుడ్డ లేదు. కొత్తగుడ్డ గంజి పసికందు ఒంటికి ఒరుసుకుంటుంది. నైలాన్ గుడ్డ చెమట పీల్చదు. కనుక ఆ అలవాటు మంచిదే. చిక్కంతా చుట్టే తీరులోనే ఉంది.

కాళ్లు వంకర పోతాయా?

వంకర పోతాయన్న భయంతో బిడ్డ కాళ్లు రెండూ చాపి, దగ్గరకు చేర్చి, బిగించి చుడుతుంటారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. తల్లి కడుపులో ముడుచుకున్న కాళ్లు పుట్టాక కూడా కొన్నాళ్లు అలాగే ఉంటాయి. అది వంకర కాదు. అప్పటికి తుంటి కీలు ఇంకా లేతగా ఉంటుంది. బలవంతాన చాపి కడితే తొడ ఎముక కీలులోంచి తొలగవచ్చు. సకాలంలో గుర్తించకపోతే నడక వచ్చాక బిడ్డ కుంటుతుంది. జపాన్‌లో 1975లో ఈ అలవాటు మాన్పించేందుకు దేశవ్యాప్తంగా ప్రచారం మొదలుపెట్టాక తుంటి తొలగిన పిల్లల సంఖ్య బాగా తగ్గింది. మెడ నిలిచాక బిడ్డను మనవాళ్లు కాళ్లు ఎడంగా పెట్టి చంకనెత్తుకోవడం తుంటికి మేలే.

చుట్టే పద్ధతి

గుడ్డ పరిచి పై మూల మడవాలి. మడత అంచుకు భుజాలు వచ్చేలా బిడ్డను పడుకోబెట్టాలి. ఒక పక్క కొసను ఛాతీ మీదుగా తెచ్చి వీపు కిందకు దోపాలి. కింది కొసను వదులుగా పైకి తేవాలి. చివరగా రెండో పక్క కొసను చుట్టాలి. ఛాతీ దగ్గర పెద్దల వేళ్లు రెండు దూరాలి. నడుము కింద బిడ్డ మోకాళ్లు ముడిచి తన్నుకునేంత చోటుండాలి. ముఖం మీద గుడ్డ పడరాదు. పాలిచ్చేటప్పుడు విప్పడం మేలు.

చలి, ఉక్క

పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే బిడ్డకు చలి పెడుతున్నట్లే. తల్లి గుండెకు ఆనించి పైన కప్పాలి. మెడ వెనుక చెమట పడితే ఉక్క పోస్తున్నట్లు. మే నెల ఎండల్లో పలుచని గుడ్డ ఒక్క పొర చాలు. పాలు తాగకుండా మగతగా ఉన్నా, ఒళ్లు కాలుతున్నా, చల్లబడినా ఆలస్యం చేయక ఆస్పత్రికి తీసుకువెళ్లాలి.

ఎప్పుడు మానాలి?

చుట్టిన బిడ్డను వెల్లకిలా మాత్రమే పడుకోబెట్టాలి. చేతులు కదలని బిడ్డ బోర్లా పడితే ఊపిరాడక ప్రాణం మీదికి వస్తుంది. కొందరు పిల్లలు రెండో నెలలోనే ఒత్తిగిలడం మొదలుపెడతారు. ఆ ప్రయత్నం కనిపించిన రోజే చుట్టడం ఆపాలి.

బోర్లా పడితే బొబ్బట్లు పంచడం మన ఇళ్లలో వేడుక. ఆ బొబ్బట్ల పొయ్యి వెలిగే నాటికే పొత్తిగుడ్డ పెట్టెలోకి చేరిపోవాలి.