చుక్కవెలుగు

గుర్రాలను గురించి వ్రాయడానికి తెలుగు మేష్టరుకు ఏం అర్హత ఉన్నదని మా ఆవిడ అడిగింది. ప్రశ్న న్యాయమైనదే. నేను ఏనాడూ గుర్రం ఎక్కలేదు. పెళ్ళి ఊరేగింపులో ఎక్కమని బలవంతం చేస్తే, కారే చాలునని తప్పించుకున్నాను. కాని చిన్నతనంలో నాకు ఒక గుర్రంతో స్నేహం ఉండేది.

మా తాతగారిది వరంగల్లు. సెలవులకు ములుగు నుంచి అక్కడికి వెళ్ళినప్పుడల్లా ఆయనతో జట్కా ఎక్కేవాణ్ణి. ఎన్ని జట్కాలున్నా తాతగారు ఒక్క ముసలి సాయిబుగారి బండే పిలిచేవారు. ఆ పొట్టిగుర్రానికి నుదుట తెల్లమచ్చ ఉండేది. దాని పేరు చుక్క. నా అరచేతిలో బెల్లం ముక్క పెట్టుకుంటే, చెయ్యి తడపకుండా పెదవులతో తీసుకునేది.

ఒక వేసవిలో వెళ్ళేసరికి జట్కా లేదు. సాయిబుగారి కొడుకు ఆటో నడుపుతున్నాడు.

“చుక్క ఏదీ చాచా?” అని అడిగాను.

“అమ్మేసిన బిడ్డా. దాణా పెట్టే తాకత్ లేకపాయె” అన్నాడాయన, నావైపు చూడకుండా.

ఎవరికి అమ్మాడో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

మొన్నీమధ్య పొట్టిగుర్రాల చరిత్ర చదువుతుంటే ఒక పేరు దగ్గర కళ్ళు ఆగిపోయాయి. స్టార్‌లైట్! అంటే చుక్కవెలుగే కదా!

ఈ గుర్రం 1894లో వేల్సు దేశంలో పుట్టింది. యజమాని మ్యూరిక్ లాయిడ్. ఆయన తన ఇంటిపేరులోని ఇంగ్లీషు అక్షరాలను చివరినుంచి మొదటికి త్రిప్పి వ్రాసి, ‘డయోల్’ అని తన గుర్రాలన్నిటికీ ఇంటిపేరుగా పెట్టాడు. విలోమకావ్యాలు వ్రాసిన మన పూర్వకవులు వింటే ముచ్చటపడేవారు! అలా ఇది ‘డయోల్ స్టార్‌లైట్’ అయింది. తల్లి పేరు మూన్‌లైట్. వెన్నెలకు చుక్కవెలుగు పుట్టిందన్నమాట. ఆ తల్లిని చూసినవారు బుల్లి అరబ్బీ గుర్రంలా ఉందనేవారట.

వేల్సు కొండల గుర్రాలు మహా అయితే నాలుగడుగుల ఎత్తు. పదహారో శతాబ్దంలో ఎనిమిదో హెన్రీ రాజు, పొట్టిగుర్రాలు యుద్ధానికి పనికిరావు గనుక వాటి సంతతి పెరగకూడదని చట్టాలు చేశాడు. మనుషులు సులభంగా వెళ్ళలేని కొండల్లో బ్రతికి ఈ జాతి నిలబడింది. తరవాత బొగ్గుగనులు వాటిని మ్రింగాయి. 1913 నాటికి బ్రిటన్ గనుల్లో దాదాపు 70 వేల గుర్రాలు పనిచేసేవి. చాలావాటికి భూమి లోపలే సాలలు, సూర్యకాంతి అరుదు. మా పక్కనే భూపాలపల్లిలో సింగరేణి గనులున్నాయి. అటు వెళ్ళినప్పుడల్లా ఆ మూగజీవాలు గుర్తుకు వస్తాయి.

అటువంటి జాతికి గౌరవం తెచ్చినవాడు స్టార్‌లైట్. ఆ ప్రదర్శనల్లో పందెం ఉండదు. గుర్రాన్ని కళ్ళెం పట్టుకుని నడిపిస్తారు, పరుగెత్తిస్తారు. న్యాయనిర్ణేత తల తీరు, కంటి నిండుతనం, భుజం వాలు, కాళ్ళ పొందిక, గిట్టలు చూస్తాడు. మన అశ్వశాస్త్రాలవారు దీనితో ఆగలేదు, ఒంటిమీది సుడులు కూడా లెక్కపెట్టి శుభాశుభాలు చెప్పారు. మన మనుమంచి భట్టు ఈ శాస్త్రాన్ని తెలుగులోనే పద్యాల్లో చెప్పాడు. స్టార్‌లైట్‌ను చూస్తే ఆయన ఏ లోపమూ పట్టి ఉండడని నా నమ్మకం!

బహుమతులు వరుసగా వచ్చాయి. జాతి సౌందర్యమంతా ఇందులోనే ఉన్నదన్నారు. 1901లో వేల్సు గుర్రాల సంఘం ఏర్పడి వంశావళి గ్రంథం ప్రారంభించినప్పుడు స్టార్‌లైట్ సంఖ్య 4. ఈనాడు ఆ కొండజాతిలో తెల్లగుర్రాలు అంత విరివిగా ఉండడానికి కారణం చాలావరకు ఇదే. ఇటువంటి గుర్రాలు పుట్టినప్పుడు ముదురు రంగులో ఉండి, ఏటేటా తెల్లబడతాయి. మన తల నెరిస్తే దిగులు, వాటికి అదే అందం! కొడుకు గ్రేలైట్ ఆస్ట్రేలియాదాకా వెళ్ళి అక్కడ వంశం నిలిపాడు.

ఇంత ప్రేమించిన గుర్రం కూడా లాయిడ్ చేతిలో చివరిదాకా నిలవలేదు. అది లేడీ వెంట్‌వర్త్ అనే ఆవిడ చేతికి వెళ్ళింది. ఆవిడ బైరన్ మహాకవికి మునిమనుమరాలు, అరబ్బీ గుర్రాల పెంపకంలో పేరుపొందినది. అక్కడినుంచి ముసలితనంలో స్పెయిను చేరింది. ముప్ఫై అయిదేళ్ళ వయసులో, 1929లో, పుట్టిన కొండలకు దూరంగా అక్కడే కన్నుమూసింది.

రాత్రి ఈ కథంతా మా అమ్మాయికి చెప్పాను.

“అన్ని బహుమతులు తెచ్చినదాన్ని ఎట్లా పంపించేశారు నాన్నా?” అన్నది.

నాకు జవాబు దొరకలేదు. సాయిబుగారు ఆనాడు నా ముఖంలోకి ఎందుకు చూడలేదో మాత్రం ఇన్నాళ్ళకు తెలిసింది. బహుమతి గుర్రానికి వంశావళిలో సంఖ్య ఉన్నది. చుక్కకు ఏ పుస్తకంలోనూ చోటు లేదు. అందుకే దాని పేరు ఇక్కడ వ్రాశాను.