శైలజ పేరు కంప్యూటర్‌కు తెలియాలంటే...



జవాబు 1/2 అని రాసినా, 0.5 అని రాసినా లెక్కల మాస్టారు మార్కు వేస్తారు. రెండూ ఒకటేనని ఆయనకు తెలుసు. కంప్యూటర్‌కు మాత్రం మనమే చెప్పాలి.

సాఫ్ట్‌వేర్ సరిగా పనిచేస్తోందో లేదో చూసే చిన్న ప్రోగ్రామ్‌ను టెస్టు అంటారు. అందులో "ఫలితం ఇలాగే ఉండాలి" అని పట్టుబట్టే వాక్యం అసర్షన్. సరిపోల్చి చూసేది మ్యాచర్. జావాలో టెస్టుల కోసం కెంట్ బెక్, ఎరిక్ గామా జేయూనిట్‌ను తయారుచేశారు. 2007లో వచ్చిన దాని 4.4 వెర్షన్‌లో హామ్‌క్రెస్ట్ అనే లైబ్రరీలోని మ్యాచర్లు చేరాయి. ఇప్పటి జేయూనిట్‌కు హామ్‌క్రెస్ట్‌ను విడిగా జతచేసుకోవాలి. అందులో లేని మ్యాచర్‌ను మనమే రాసుకోవచ్చు.

ఆ అవసరం ఎప్పుడొస్తుంది? "శైలజ" పేరు చూడండి. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు. ఎత్వం, కింది గుర్తు కలిపి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. అంటే ఒక శైలజలో 4 సంకేతాలు, ఇంకో శైలజలో 5. తెరమీద రెండూ ఒకటే! మామూలు మ్యాచర్ వాటిని వేరువేరు పేర్లంటుంది. స్కాలర్‌షిప్ జాబితాను వెతికే ప్రోగ్రామ్ కూడా అలాగే పోలిస్తే, అర్హురాలైన అమ్మాయి పేరు "లేదు" అని వస్తుంది.

కొత్త మ్యాచర్‌కు మూడు పనులు అప్పగించాలి.

1. పోల్చడం: రెండు పేర్లనూ ముందు ఎన్.ఎఫ్.సి. అనే ఒకే రూపంలోకి మార్చి, ఆ తరువాత పోల్చాలి. జావాలోని నార్మలైజర్ ఈ మార్పు చేసిపెడుతుంది.

2. ఏ పేరు రావాలో చెప్పడం.

3. కుదరనప్పుడు ఏం వచ్చిందో చెప్పడం: పేరు చివర ఒక ఖాళీ ఎక్కువైనా కంటికి కనబడదు. అందుకే పేరుతోపాటు సంకేతాల సంఖ్యలను కూడా చూపించాలి.

తరువాత మ్యాచర్‌కే పరీక్ష పెట్టాలి. శైలజలిద్దరినీ ఒకటనాలి, శైలజను శైలతో పోలిస్తే కాదనాలి. అన్నిటికీ తలూపే మ్యాచర్ ఏ తప్పునూ పట్టుకోలేదు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. మ్యాచర్ పని టెస్టు వరకే. జాబితాను వెతికే అసలు ప్రోగ్రామ్ కూడా పేర్లను ఒకే రూపంలోకి మార్చాలి. 5 సంకేతాలతో పేరు ఇచ్చినా జాబితాలోని శైలజ దొరుకుతోందా అని టెస్టు అడగాలి.

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం తెరమీదికి రాగానే ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయాయి. ఆ నెలలోనే ఆపిల్ కంపెనీ దాన్ని సరిచేసింది. గుణింతాలు, ఒత్తులు తెలిసినవాళ్ళకే ఇలాంటి చిక్కులు ముందుగా తడతాయి. మన నర్సీపట్నం హాస్టల్ నుంచి కంప్యూటర్ చదువులకు వెళ్ళే ప్రతి ఒక్కరికీ ఆ గుణింతాలు వచ్చు. కాబట్టి మన పేర్లతోనే టెస్టులు రాయండి. మన పిల్లల పేర్లు ఏ జాబితాలోనూ తప్పిపోకుండా చూడండి.