బ్యాటరీ ఎంత ఉంది? ప్రశ్న ఒకటే, జవాబులు రెండు

ఫోన్‌లో ఛార్జింగ్ ఎంత మిగిలిందో యాప్ తెరమీద చూపించాలి. ఆండ్రాయిడ్‌ను అడిగితే 85 అంటుంది. అదే ఐఫోన్ అయితే 0.85 అంటుంది. అదీ బ్యాటరీ మీద ఓ కన్నేసి ఉంచమని దానికి ముందే చెప్పి ఉంటేనే. చెప్పకపోతే మైనస్ 1 అని చేతిలో పెడుతుంది. చూసుకోకుండా దాన్ని వందతో గుణిస్తే తెరమీద మైనస్ వంద శాతం ఛార్జింగ్ కనిపిస్తుంది!

ఒకే ప్రోగ్రాముతో రెండు రకాల ఫోన్లకూ యాప్ చేయాలన్న కోరిక పాతదే. ఫేస్‌బుక్ 2015లో బయటపెట్టిన రియాక్ట్ నేటివ్, గూగుల్ 2018 డిసెంబరులో 1.0 వెర్షన్‌గా తెచ్చిన ఫ్లట్టర్ ఆ కోరిక తీర్చడానికి వచ్చినవే. రియాక్ట్ నేటివ్‌లో యాప్‌ను జావాస్క్రిప్ట్‌లో రాస్తారు. కానీ బ్యాటరీ, కెమెరా, వేలిముద్ర లాంటివి జావాస్క్రిప్ట్‌కు నేరుగా అందవు. వాటిని అందించేదే మాడ్యూల్. దానికి పైన జావాస్క్రిప్ట్ ముఖం ఒకటే ఉంటుంది. కింద మాత్రం ఆండ్రాయిడ్ కోసం కోట్లిన్‌లోనో జావాలోనో ఒక భాగం, ఐఫోన్ కోసం స్విఫ్ట్‌లోనో ఆబ్జెక్టివ్-సిలోనో ఇంకో భాగం. ఒకసారి రాస్తే చాలన్న మాట యాప్ చేసేవాళ్ల విషయంలో చాలావరకు నిజం. వాళ్లకా సుఖం దక్కడానికి మాడ్యూల్ రాసేవాళ్లు అదే పని రెండుసార్లు చేస్తారు.

రెండు అంతస్తుల మధ్య మొదట్లో ఒక దుబాసీ ఉండేవాడు. అడిగే ప్రతి ప్రశ్ననూ జేసన్ అనే పాఠంగా మార్చి కిందికి పంపడం, జవాబును మళ్లీ అలాగే పైకి తేవడం అతని పని. స్క్రోలింగ్‌లాంటి చోట కబుర్లు కుప్పపడి యాప్ తడబడేది. ఇప్పుడు సీ++ వస్తువులను జావాస్క్రిప్ట్ నేరుగా పట్టుకుని పిలవగలదు. 2024 అక్టోబరులో వచ్చిన 0.76 వెర్షన్ నుంచి కొత్త ప్రాజెక్టులకు ఈ పద్ధతే మామూలు.

ఇలాంటి మాడ్యూళ్లు చాలావరకు గిట్‌హబ్‌లో అందరికీ అందుబాటులో ఉంటాయి. వాటిలో ఒకదాన్ని మెరుగుపరచాలనుకుంటే, ఫోర్క్ చేసుకుని (మన ఖాతాలోకి నకలు తీసుకుని), మన కంప్యూటర్‌లోకి దించుకుని, ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేశాక ముందు తెరవాల్సింది ‘ఎగ్జాంపుల్’ ఫోల్డర్. అందులో ఆ మాడ్యూల్‌ను వాడి చూపించే చిన్న యాప్ ఉంటుంది. పది పేజీల వివరణ కన్నా అది నయం. జావాస్క్రిప్ట్‌లో మార్పు చేస్తే క్షణాల్లో తెరమీద కనబడుతుంది. కోట్లిన్‌లో చేస్తే మాత్రం యాప్‌ను మళ్లీ బిల్డ్ చేయాల్సిందే. అది తెలియక, మార్చినా ఏమీ మారలేదేమిటని కొత్తవాళ్లు తల పట్టుకుంటారు.

ఇంకో చిక్కు. జావాస్క్రిప్ట్‌ను అందించే మెట్రో సర్వర్ కంప్యూటర్‌లో 8081 పోర్టు మీద నడుస్తుంది. ఫోన్ దృష్టిలో ‘లోకల్‌హోస్ట్’ అంటే ఫోనే, కంప్యూటర్ కాదు. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్‌కు కంప్యూటర్ 10.0.2.2 అనే చిరునామాలో దొరుకుతుంది. కేబుల్‌తో కలిపిన అసలు ఫోన్‌కైతే ఏడీబీ రివర్స్ అనే ఆదేశంతో ఆ పోర్టుకు దారి వేయాలి. సర్వర్ అందక వచ్చే ఎర్ర తెర చూసి కోడ్‌ను అనుమానించే ముందు ఇది చూసుకోవాలి.

ఐఫోన్ భాగాన్ని బిల్డ్ చేసే ఎక్స్‌కోడ్ మ్యాక్ మీదే నడుస్తుంది. విండోస్ ల్యాప్‌టాప్ ఉన్న విద్యార్థి ఆండ్రాయిడ్ సగం చేసి పంపవచ్చు. చాలా ప్రాజెక్టుల్లో మిగతా సగం కంపైల్ అవుతోందో లేదో గిట్‌హబ్ మ్యాక్ యంత్రాలే పరీక్షిస్తాయి. కంపైల్ అయినంత మాత్రాన సరిగ్గా పనిచేస్తుందని కాదు. ఐఫోన్ సిమ్యులేటర్‌కు బ్యాటరీయే లేదు, ఎన్నిసార్లు అడిగినా మైనస్ 1 అనే అంటుంది. అందుకే పాతదైనా సరే అసలు ఫోన్‌లో పరీక్షించి ఫలానా మోడల్‌లో ఇలా వస్తోందని రాసి పంపడాన్ని నేను కోడ్ రాయడం కన్నా తక్కువగా చూడను.

మార్పు పంపేటప్పుడు ఒక పుల్ రిక్వెస్ట్‌లో (మార్పును కలుపుకోమనే అభ్యర్థనలో) ఒకే పని ఉండాలి. చాలాచోట్ల కమిట్ సందేశం ‘ఫిక్స్’ అనో ‘ఫీట్’ అనో మొదలవ్వాలని పట్టుబడతారు. అది చాదస్తం కాదు. ఆ మాటను బట్టే వెర్షన్ సంఖ్య పెరుగుతుంది: తప్పు దిద్దితే చివరి అంకె, కొత్త సదుపాయం చేరిస్తే మధ్య అంకె. అందంగా ఉంటుందని 0.85ను 85గా మార్చారనుకోండి, పాత లెక్కతో గుణిస్తున్న యాప్‌లన్నీ 8500 శాతం చూపిస్తాయి. అలాంటి మార్పుకు మొదటి అంకే పెరగాలి.

కొత్త వెర్షన్ ఎన్‌పీఎం అనే ప్యాకేజీల భండారంలోకి వచ్చాక దాన్ని వాడే యాప్‌వాళ్లు ఐఫోన్ కోసం పాడ్ ఇన్‌స్టాల్ అనే ఆదేశం నడిపి, రెండు రకాల ఫోన్ల యాప్‌లనూ మళ్లీ బిల్డ్ చేస్తారు. జావాస్క్రిప్ట్ వరకే అయితే నేరుగా ఫోన్లకు పంపే వీలుంది కానీ, కోట్లిన్, స్విఫ్ట్ తాకిన మార్పు మాత్రం స్టోర్ ద్వారా అప్‌డేట్‌గానే వెళ్లాలి.